వేడిగాలి వాసన

"ఆ సుట్ట ఇటియ్యమ్మా!"

అడిగినంతసేపు కూడా ఆగలేదు ఫల్గుణ. తల్లి చేతిలోంచి చుట్ట లాగేసుకుని నేలకేసి కొట్టాడు. చెప్పుకాలితో నలిపాడు. అదీ చాలనట్టు పక్కనున్న చెంబెడు నీళ్లు దానిమీద కుమ్మరించాడు.

సోములమ్మ కొడుకు మొహంలోకి చూసింది. నిన్నటినుంచీ ఆవిడ అన్నం ముట్టలేదు. గోడకి చేరబడి కూర్చుని, ఉన్న ఒక్క చుట్టా అప్పుడే వెలిగించుకుంది.

"కూడెలాగూ దిగడం నేదు. ఆ పొగొక్కటీ నీ కళ్లల్లో పడ్డాదేటిరా?"

"ఈ గోడకాడ తాగొద్దని నీకెన్నిసార్లు సెప్పాలి?"

"ఏటి, మీ సారుగోరి గోడకి పొగ పడదేటి? నా పెళ్లి కాకముందునుంచీ తాగతన్నాను. మీ అయ్యకి నేని సిగ్గు నీకొచ్చినాదా?"

"సిగ్గు కాదమ్మా..." అని ఆగిపోయాడు ఫల్గుణ. ఏదో చెప్పబోయి మింగేశాడు. ఈమధ్య అతనికి మాట మింగడం బాగా అలవాటైంది.

"సెప్పేదేదో పూర్తిగా సెప్పు మావా," అంది అతని భార్య రత్న గుమ్మంలోంచి. "సగం సెప్పి సగం దాసుకుంటే మాకేటి తెలుస్తాది?"

ఫల్గుణ లోపలికెళ్లి పీట వాల్చుకున్నాడు. పీటకి కూడా చోటు చాలలేదు.

క్వార్టర్సని పేరేగాని అది పవర్‌హౌస్ ప్రహరీకి చేరేసిన ఒంటిగది. గెడ్డవలస మున్సిపాలిటీ తన కాంట్రాక్టు ఆపరేటరు ఫల్గుణకి దయతో ఇచ్చింది. ఇప్పుడా గదిలో సగం కాఫీ బస్తాలే. కొండమీద వాళ్ల సొంతూరు తుమ్మపుట్టులో ప్రతి ఇల్లూ ఏడాది పొడుగునా చేసిన చాకిరీ ఆ బస్తాల్లో ఉంది. కాఫీ కొనే సొసైటీవాళ్లు గుప్పెడు గింజలు ముక్కు దగ్గర పెట్టుకుని, మొహం చిట్లించి, సరుకంతా తిప్పి పంపేశారు. మీ ఇంటివల్ల వచ్చిన కంపు మీరే ఉంచుకోండని ఊరివాళ్లు బస్తాలు మోసుకొచ్చి ఇక్కడ పడేసి పోయారు.

వాళ్ల కోపం వాళ్లది. కోత కాలంలో పట్టిన ముసురుకి కొండమీద కళ్లాలన్నీ తడిసిపోయాయి. కాఫీ గింజలకి బూజు పట్టే రోజులవి. అందరూ ఆకాశం వంక చూస్తూ కూర్చుంటే, సోములమ్మకి కొడుకు పనిచేసే చోటు గుర్తొచ్చింది. కొండవాళ్లు ఆ పవర్‌హౌస్‌ని సాయంత్రం మిషను అంటారు. పగలంతా ఊరికే ఉంటుంది. పొద్దుగూకి, గెడ్డవలసలో ప్రతి ఇంట్లోనూ ఒక్కసారే లైట్లూ ఫ్యాన్లూ టీవీలూ వేసుకున్నప్పుడు, సబ్‌స్టేషన్ నుంచి వచ్చే కరెంటు చాలక దీన్ని తిప్పుతారు. ఊరు పడుకునే వేళకి ఆపేస్తారు. గొట్టంలో గ్యాసొస్తుంది, ఇంజను తాగుతుంది, ఒళ్లు వేడెక్కుతుంది. ఆ వేడిని పెద్దపెద్ద ఫ్యాన్లు వెనక పెరట్లోకి తోసేస్తాయి. ఎవరికీ అక్కర్లేని గాలి.

సోములమ్మ ఆ గాలికి తన ఇంటి గింజలు ఆరబోసింది. తడికెలు పరిచి, గింజ గలగలలాడేదాకా ఆరబెట్టుకుని, నవ్వుకుంటూ కొండెక్కింది. తీసుకెళ్లి ఊరి రాశిలో కలిపింది. తుమ్మపుట్టులో ఎవరి సరుకు వాళ్లు విడిగా అమ్ముకోరు. ఒకడి గింజ బాగుందని, ఇంకొకడిది బాగోలేదని బేరగాడు ఊరిని విడగొట్టకుండా పెద్దలు పెట్టిన కట్టుబాటది. అన్ని ఇళ్లదీ ఒకటే రాశి. అందుకే ఒక ఇంటి గింజకి పట్టిన వాసన ఊరందరి గింజకీ పట్టింది.

రత్న ఒక బస్తా మూతి విప్పి గుప్పెడు గింజలు తీసింది. అన్నం కంచం పెట్టాల్సిన చోట ఆ గుప్పెడు మొగుడి ముందు పోసింది.

"వాసన సూడు."

"సూసినాను."

"మళ్లీ సూడు."

ఫల్గుణ గింజలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "గోనె వాసన," అన్నాడు.

"గోనె వాసనకి సొసైటీవోళ్లు ఊరి సరుకంతా తిప్పికొడతారేటి? పొద్దస్తమానం ఈ గోడల మజ్జనే ఉండి నీ ముక్కు సచ్చిపోనాది. కుళ్లిన ఉల్లిపాయల కంపది. ఎలాటి కంపో నాను ఎరుగుదును. ఎక్కడ సూసినానో సెప్పనా?"

"వొద్దు. కూడెట్టు, బేగి ఎల్లాలి."

"వొద్దన్నా సెప్తాను. మీ ఇంజినీరు సారింట్లో. నాను అంట్లు తోముతుంటే అనురాధమ్మగోరు స్టవ్వుకి కొత్త సిలిండరు ఎక్కించినారు. గొట్టం సరిగ్గా కూకోనేదు. గుప్పుమన్నాది. ఆయమ్మ కిటికీలన్నీ తీసీసి నన్ను ఈదిలోకి తోసీసినాది. గ్యాసే రత్నా, అగ్గిపుల్ల గీస్తే ఇద్దరం పోతాం అన్నాది. ఆ వాసనే మావా ఇది. ఇంకోటి కాదు."

ఫల్గుణ చెయ్యి గింజల మీదే ఉండిపోయింది.

బయటనుంచి సోములమ్మ అంది, "నాకూ ఆనాడే వొచ్చినాది వాసన. మిషను సెమట అనుకున్నాను."

ఎందుకనుకోదు? తుమ్మపుట్టులో గ్యాసు పొయ్యి ఉన్న ఇల్లు లేదు. కట్టెలపొయ్యి తప్ప ఎరగని ఊరికి ఆ వాసన పేరేమిటో ఎవరు చెప్పారు గనక? పేరు తెలిసినవాళ్లు కొండకింద ఉన్నారు. వాళ్లు చెప్పలేదు.

"పొద్దుగూకే ఏళకి యర్రయ్య మావ వొస్తాడు," అన్నాడు ఫల్గుణ నెమ్మదిగా. యర్రయ్య తుమ్మపుట్టు ఊరిపెద్ద. "ఊరి మట్టి అట్టుకుని వొస్తన్నాడు. ఈ కంపు ఎలగొచ్చినాదో మట్టి మీద మాట సెప్పమంటాడు. అమ్మా, ఒక్క మాట అనీ. డీజిలు డ్రమ్ముల కాడ ఆరబోసినాను, తెలవక సేసినాను అనీ. తెలవక సేసిన తప్పుకి ఊరు ఓ మేకపోతుని తప్పు కింద తీసుకుని ఒగ్గేస్తాది. ఆ మేకపోతుని నాను తెచ్చిస్తాను."

సోములమ్మ లేచి గుమ్మంలోకి వచ్చింది. "డ్రమ్ములు ముందరేపు షెడ్డులో ఉన్నాయి. నాను ఎనకాల పెరట్లో ఆరబోసినాను. తడికెలు నువ్వే పరిసినావు కదేటిరా?"

"పరిసినాను."

"అలగైతే మట్టి నెత్తినెట్టుకుని అబద్దమాడమంటన్నావా నన్ను? బుధుగాడు ఏటైనాడో మర్సిపోనావా?"

బుధుని ఎవరు మరిచిపోతారు? గట్టు తగాదాలో మట్టి నెత్తిన పెట్టుకుని అబద్ధం చెప్పాడు. భూమి మీద కల్ల చెప్పినవాడి విత్తనం భూమిలో పడకూడదంది ఊరు. కాఫీ తోట పోయింది, రాగులు చల్లుకునే నేల చెక్క పోయింది. ఇప్పుడతను గెడ్డవాగుకి అవతల పాక వేసుకుని ఘాట్ రోడ్డు పక్క రాళ్లు కొట్టుకుంటున్నాడు. ఎదురుపడితే పలకరించేవాడు లేడు.

"ఆ మాట సెప్పమన్నది ఎవులు?" రత్న మొగుడికి ఎదురుగా గొంతుక్కూర్చుంది. "ఇంజినీరు సారేనా?"

ఫల్గుణ ముందున్న గింజల్ని దోసిట్లోకి పోగుచేశాడు.

"సెప్పకపోతే ఏటి సేస్తాడంట?"

"కాంట్రాక్టు తీసేస్తాడు. ఈ గది కూడా కాళీ సెయ్యాలి. సెప్తే మార్చిలోనే పర్మనెంటుకి రాస్తానన్నాడు."

"నీ పర్మనెంటుకి మీ అమ్మ అబద్దమాడాలి. బాగున్నాది."

"నోరు ముయ్యి రత్నా!"

"నా నోరు ముయ్యగలవు. ఆ బస్తాల మూతి ఎన్ని కట్టినా కంపు ఆగుతాదేటి?"

ఫల్గుణ అన్నం కలిపి, తినకుండానే చెయ్యి కడిగేసుకున్నాడు. సోములమ్మ గుమ్మంలోనే కూర్చుండిపోయింది.

*

యర్రయ్య చెప్పినవేళకే వచ్చాడు. అడ్డాకు డొప్పలో తుమ్మపుట్టు మట్టి, దానిమీద తడి గుడ్డ. కొండ దిగినంతసేపూ డొప్పని రెండు చేతులతో పట్టుకునే వచ్చాడు. పెరట్లో ఒక రాయి చూసుకుని కూర్చున్నాడు గాని డొప్పని నేలమీద పెట్టలేదు.

కొండవాళ్లు గొడవకొస్తున్నారని తెలిసి మున్సిపల్ చైర్మన్ సర్వేశ్వరరావు కూడా వచ్చి కారు దిగాడు. ఆయనకి కుర్చీ తెచ్చి వేశారు. ఇంజినీరు లక్ష్మీప్రసాద్ ఆయన వెనక నిలబడి చేతి గడియారం చూసుకున్నాడు. లక్ష్మీప్రసాద్ చెడ్డవాడని ఊళ్లో ఎవరూ అనరు. పండక్కి పనివాళ్లందరికీ బట్టలు పెడతాడు. తన పవర్‌హౌస్ ఒక్క సాయంత్రం కూడా ఆగలేదని చెప్పుకోవడం ఆయనకి మహా ఇష్టం. ఆ ఇష్టమే మిగతావాళ్ల పీకలమీదికొచ్చింది.

"చూడు పెద్దాయనా," అన్నాడు చైర్మన్ యర్రయ్యతో. "మీ సరుకు పోయిందంటే నాకూ బాధే. కాని గొడవ పెంచుకోకండి. ఊళ్లో పదో తరగతి పిల్లలు పరీక్షలకి చదువుకుంటున్నారు. సాయంత్రం ఈ మిషన్ తిరక్కపోతే సగం ఊరు చీకటి. మీకూ పిల్లలున్నారు కదా."

"ఉన్నారు బాబూ," అన్నాడు యర్రయ్య. "మా కొండమీద లైటు ఎలిగితేనే చదవాలనే ఆచారం నేదు. నాను మీ మిషను ఆపమని రానేదు. మా గింజకి కంపెలగొచ్చిందో తెలుసుకుని పోతాను."

"తెలుసుకునేదేముంది?" లక్ష్మీప్రసాద్ ముందుకొచ్చాడు. "ఇది రిస్ట్రిక్టెడ్ ఏరియా. ఆపరేటర్ తల్లి కదా అని చూసీచూడనట్టు ఊరుకున్నాం. ఆవిడ డీజిల్ కారిన చోట ఆరబోసుకుంది. అయినా అది డీజిలో, మీ గోనెల వాసనో, ఇప్పపువ్వు నిలవేసిన వాసనో ఎవరికి తెలుసు? మీ ఇళ్లల్లో ఉండే కంపు మా ప్లాంటుకి అంటగడితే ఎలా?"

యర్రయ్య తల పైకెత్తలేదు. డొప్ప పట్టుకున్న వేళ్లు మాత్రం బిగుసుకున్నాయి.

ఒక్క సంగతి ఇక్కడ చెప్పకుండా ముందుకెళ్లడం నావల్ల కాదు. గ్యాసుకి తనంతట తనకి వాసన ఉండదు. ఇళ్ల మధ్యనుంచి గొట్టం వేసేటప్పుడు, ఎక్కడైనా కారితే జనం పసిగట్టి పారిపోవాలని అందులో ఆ కంపు మందు కలుపుతారు. జనం ప్రాణాల కోసం కలిపిన కంపది. తీరా జనం వచ్చి కంపొస్తోందంటే, కంపు మీదేనన్నాడు ఆ చదువుకున్న మనిషి. అంత మాట అని మళ్లీ గడియారం చూసుకున్నాడు.

"మా ఇంట్లో కంపా సారూ?" రత్న వచ్చి నిలబడింది. "మీ ఇంట్లో రోజూ అంట్లు తోమేది ఈ సేతుల్తోనే. మీ బాబుకి అన్నం తినిపించేది ఈ సేతుల్తోనే. అప్పుడు రానేదా కంపు?"

"రత్నా, నువ్వు లోపలికెళ్లు. ఇది ఆడవాళ్ల విషయం కాదు."

"గింజ ఏరింది ఆడోళ్లు. కడిగింది ఆడోళ్లు. ఆరబోసింది ఆడది. తప్పు కూడా ఆడదాని మీదే ఏస్తన్నారు. మాటొచ్చేసరికి ఆడోళ్ల విషయం కాదా? ఆ ఫ్యాన్ల ఎనకాల గొట్టం కారతన్నాది సారూ. అది గ్యాసు వాసన. మీ ఇంట్లో సిలిండరు కారినప్పుడు అనురాధమ్మగోరు నన్ను ఈదిలోకి తోసింది ఆ వాసనకే."

చైర్మన్ ఇంజినీరు వంక తిరిగాడు. "ఏమిటయ్యా, లీకుందా?"

"అబ్బే, లేదండీ! ఉంటే మనం ఇలా కూర్చుని మాట్లాడుకోగలమా? ఇది వంటింటి స్టవ్ కాదు, ఎవరో పనమ్మాయి ముక్కుతో కనిపెట్టడానికి." లక్ష్మీప్రసాద్ నవ్వాడు. "రోజూ మిషన్ దగ్గరుండేవాడు ఆపరేటర్. అతన్నే అడగండి. ఏం ఫల్గుణా, లీకుందా?"

అందరూ ఫల్గుణ వంక చూశారు.

ఫల్గుణ తల్లి వంక చూశాడు. తరవాత ప్రహరీకి చేరేసి ఉన్న తన గది వంక చూశాడు. గుమ్మంలోంచి బస్తాలు కనిపిస్తున్నాయి.

"అడుగుతున్నది నిన్నే. లీకుందా?"

ఫల్గుణ పెదవులు కదిలాయిగాని మాట రాలేదు.

"వోడి నోట మాట రావడం నేదు బాబూ," అన్నాడు యర్రయ్య. లేచి డొప్ప మీది తడి గుడ్డ తీశాడు. ఎర్రటి మట్టి. "ఇలగరా అల్లుడా. ఇది మనూరి మట్టి. మీ అయ్య పాతిన మొక్కల మొదట్లోంచి తీసుకొచ్చినాను. నెత్తినెట్టుకుని సెప్పు. గొట్టం కారతన్నాదా? మీ అమ్మ డీజిలు కాడ ఆరబోసినాదా? నువ్వేది సెప్తే ఊరు అదే నమ్ముతాది."

ఫల్గుణ చెయ్యి చాచాడు. యర్రయ్య డొప్ప వంచాడు.

మట్టి అతని చేతిలో పడలేదు. మధ్యలో సోములమ్మ దోసిలి పట్టింది.

"మాట నన్ను కదేటి అడగాలి? ఆరబోసింది నాను," అంది. ఎవరూ ఆపేలోపే దోసెడు మట్టీ నెత్తిన పెట్టుకుంది. జుట్టులోంచి, నుదుటిమీంచి, ఎర్రటి మట్టి రాలింది. "డ్రమ్ముల కాడ ఆరబోసినాను అన్నా. డీజిలు కారిందని తెలవక ఆరబోసినాను. నా కొడుకు ఒద్దనే సెప్పినాడు. నానే ఇననేదు. ఈ తప్పు నాది."

"అత్తా!" రత్న కేక పెట్టింది.

"నువ్వూరుకో గుంటా. మాటైపోనాది."

యర్రయ్య చాలాసేపు ఆవిడ వంక చూశాడు. ఆవిడ అతని కళ్లలోకి చూడలేదు.

"అలగైతే తెలవక సేసిన తప్పే సెల్లీ," అన్నాడు చివరికి. "మేకపోతుని తోలుకురా. మిగతాది ఊళ్లో మాటాడుకుందాం."

"చూశారా?" చైర్మన్ కుర్చీలోంచి లేచాడు. "నిజం వాళ్ల నోటితోనే వచ్చింది. పాపం, అమాయకులు. ఏదో తెలియక చేశారు." జేబులోంచి ఒక నోటు తీసి సోములమ్మ వైపు చాచాడు. ఆవిడ చెయ్యి చాచలేదు. ఆయన దాన్ని మళ్లీ జేబులో పెట్టుకోవడానికి సిగ్గుపడి కుర్చీ మీద పెట్టాడు.

అమాయకులట! కడుపున పుట్టినవాడి కూటికోసం ఆవిడ ఏం నెత్తికెత్తుకుందో ఆ పెద్దమనిషికి తెలుసా? తన భూమి, తన మొగుడు పాతిన మొక్కలు, చచ్చాక తనని పాతిపెట్టే చోటు, అన్నీ పందెం కాసి ఆవిడ ఆ మాట అంది. అది ఆయనకి తెలియనితనంలా కనిపించింది.

కంట్రోల్ రూములో ఫోను మోగింది. లక్ష్మీప్రసాద్ పరుగున వెళ్లి మాట్లాడి గుమ్మంలోంచే కేకేశాడు.

"సబ్‌స్టేషన్ నుంచి! లోడు పెరిగిపోతోందట. ఫల్గుణా, సైరన్ కొట్టి మిషన్ స్టార్ట్ చెయ్. త్వరగా!"

ఫల్గుణ రెండడుగులు వేశాడు.

"ఎల్లు మావా," అంది రత్న. గొంతు గట్టిగా లేదు. అందుకే అది మరీ గట్టిగా తగిలింది. "ఎల్లి తిప్పుకో నీ మిషను. మీ అమ్మ నెత్తిమీంచి మట్టి రాలకముందే తిప్పు. ఆ ఎలుతురులో ఆయమ్మ మొకం బాగా కనబడతాది."

ఫల్గుణ ఆగిపోయాడు.

కంట్రోల్ రూము ఎడంచేతి వైపు ఉంది. అతను కుడి చేతి వైపు, తన గదివైపు నడిచాడు. చాకిరేవు బండ దగ్గర రత్న బట్టలు నానబెట్టిన బకెట్టు ఉంది. బట్టలు తీసి బండమీద పడేశాడు. సబ్బునీళ్ల బకెట్టు ఎత్తుకున్నాడు.

"ఎక్కడికయ్యా?" ఇంజినీరు గొంతు మారిపోయింది. "ఫల్గుణా! అది ముట్టుకోకు! నీ ఉద్యోగం ఊడుతుంది, చెప్తున్నాను!"

ఫ్యాన్ల వెనక, ప్రహరీకి ఆనుకుని, పసుపుపచ్చ గొట్టం వంపు తిరిగేచోట ఆగాడు ఫల్గుణ. అటూ ఇటూ చూడలేదు. ఆ గొట్టానికి ఎన్నో జాయింట్లున్నాయి. వాటిల్లో దేన్నీ అతను వెతకలేదు. నేరుగా ఒక్కదాని దగ్గరికే వెళ్లి, దానికి చుట్టి ఉన్న నల్ల టేపుని గోళ్లతో పీకేశాడు. బకెట్టు ఎత్తి సబ్బునీళ్లు పోశాడు.

నీళ్లు జారిపోయాయి. జాయింటు చుట్టూ నురగ మిగిలింది. ఆ నురగలోంచి ఒక బుడగ లేచింది. దాని పక్కన ఇంకోటి. చూస్తుండగానే జాయింటు చుట్టూ బుడగలు పొంగాయి, పగిలాయి, మళ్లీ పొంగాయి.

రత్న ఆ బుడగల వంక చూడలేదు. మొగుడి వంక చూసింది. ఆ గోడకి అటువైపే అత్త చేరబడి చుట్ట వెలిగించుకుంది. చుట్ట ఎందుకు లాక్కున్నాడో, చాలక నీళ్లెందుకు పోశాడో ఇప్పుడామెకి అర్థమైంది.

"నీకు తెలుసు," అంది. "ముందునుంచీ తెలుసు నీకు."

"గింజలు కొండెక్కినాక కనిపెట్టినాను," అన్నాడు ఫల్గుణ. మొహం గొట్టం వైపే ఉంది. "ఆరోజే సారుకి సెప్పినాను. కొత్త ప్యాకింగు తెప్పిస్తాను, అప్పటిదాకా టేపు సుట్టు అన్నారు. మిషను ఆపితే పేరు పోతాదన్నారు. ఎవులికీ సెప్పొద్దన్నారు. ఫ్యాన్లు తిరిగినప్పుడల్లా ఈ కంపంతా లాగి పెరట్లోకి తోస్తాయి యర్రయ్య మావా. మా అమ్మ గింజలకి పట్టింది ఇదే. డీజిలూ కాదు, గోనే కాదు."

"ప్రసాదూ!" అన్నాడు చైర్మన్. ఆయన గొంతు పీలగా వచ్చింది. తెలియకుండానే నాలుగడుగులు వెనక్కి వేశాడు.

వాసన అప్పటికి అందరికీ తెలుస్తోంది. లక్ష్మీప్రసాద్ కూడా జేబురుమాలు తీశాడు.

ఫల్గుణ రెండు చేతులతో వాల్వు చక్రం పట్టుకుని తిప్పడం మొదలుపెట్టాడు. అది చాలాకాలంగా తిప్పనిది. కిర్రుమంటూ తిరిగింది. బుడగలు చిన్నవయ్యాయి. చివరి బుడగ పగిలాక మరొకటి రాలేదు.

కంట్రోల్ రూములో ఫోను మోగుతూనే ఉంది. ఎత్తేవాళ్లు లేరు. గెడ్డవలసలో ఒక వీధి ఆరిపోయింది. తరవాత రైల్వే గేటు వైపు ఆరిపోయింది. ఎక్కడో పిల్లలు ఒక్కసారే హోరున అరిచారు.

రత్న కళ్లు తుడుచుకుంది. కోపం ఇంకా చల్లారలేదుగాని, మొగుడి పక్కకి వెళ్లి నిలబడింది. "సూసినావు కదా పెద్దయ్యా," అంది. "మా ఇంటి తప్పు కాదని నీ కళ్లతో సూసినావు. ఊరికి సెప్పు. ఈ సారోళ్లని అడుగు మన గింజల సంగతి."

"అడుగుతాను గుంటా. వీళ్లని ఒగ్గను," అన్నాడు యర్రయ్య. "ఆ బస్తాలు తెచ్చి వీళ్ల మున్సిపాలిటీ గుమ్మంలో ఏస్తాను. అది రేపటి మాట."

అతను గొట్టం వంక చూడటం లేదు. ఇంజినీరు వంకా చూడటం లేదు. చేతిలో ఖాళీ డొప్పతో సోములమ్మ వైపు నడిచాడు. మసక వెలుతురులో ఆవిడ నిలబడినచోటే నిలబడి ఉంది.

ఫల్గుణకి అప్పుడు తట్టింది తానేం చేశాడో. వాల్వు చక్రం మీదనుంచి అతని చేతులు జారిపోయాయి.

"మావా, ఆగు!" అన్నాడు. "అమ్మ నాకోసం..."

"నువ్వూరుకో అల్లుడా. నీ సేతిలో మట్టి పడనేదు. నిన్ను అడగను." యర్రయ్య గొంతులో కోపం లేదు, అందుకే ఇంకా భయం వేసింది. "సెల్లీ, డ్రమ్ముల కాడ ఆరబోసినానన్నావు. తెలవక అన్నావా, తెలిసే అన్నావా?"

సోములమ్మ కొడుకు వంక ఒకసారి చూసింది. కోడలి వంక చూసింది. తలమీద మట్టి ఇంకా ఉంది. దులుపుకోవడానికి చెయ్యి ఎత్తలేదు.

"మట్టి నెత్తినుండగా మళ్లీ అబద్దమాడమంటావా అన్నా?" అంది. "తెలిసే అన్నాను."